గోథిక్ రీమేక్: ఖైదీల లోయ కోసం ఇంత ఎదురుచూపు ఎందుకు?

సంక్షిప్తంగా: 2001లో జర్మనీలో వచ్చిన ‘గోథిక్’ అనే రోల్ ప్లేయింగ్ గేమ్‌ను (ఒక పాత్రగా మారి ఆడే ఆట, ఆర్‌పీజీ) పూర్తిగా కొత్తగా తయారుచేస్తున్నారు. ఈ ఎదురుచూపుకు పాత ఆట మీద మమకారం ఒక్కటే కారణం కాదు. హక్కులు చేతులు మారుతూ రావడం, 2019లో పబ్లిషర్ నేరుగా ఆటగాళ్లనే అడగడం, మూల స్టూడియో మూతపడటం కలిసి దీన్ని పెంచాయి. పాత ఆటలోని ఇబ్బందుల్లో ఏవి దాని ప్రాణానికి సంబంధించినవి, ఏవి కేవలం నాటి లోపాలు అన్నదే అసలు చర్చ.

2025 ఫిబ్రవరిలో కంప్యూటర్ ఆటల ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ నిర్వహించిన డెమోల పండుగ నెక్స్ట్ ఫెస్ట్‌లో ‘గోథిక్ 1 రీమేక్’ డెమో ఒకటి విడుదలైంది. అందులో ఆటగాడి చేతికి వచ్చింది అందరికీ తెలిసిన పేరులేని కథానాయకుడు కాదు. మూల గేమ్‌లో ఒక పక్కపాత్రగా మాత్రమే కనిపించే నైరాస్ అనే ఖైదీ. అసలు కథను ముట్టుకోకుండా, లోయ ఎలా ఉందో, మనుషులు ఎలా మసలుతున్నారో, కత్తి చేతికి ఎలా తగులుతుందో చూపించడానికి ఎంచుకున్న దారి ఇది. కత్తి విసురు ఎంత బరువుగా ఉంది, గుడిసెల చెక్కలు తగినంత మాసి ఉన్నాయా, కాపలాదారు చూపులో నాటి దురుసుతనం ఉందా అన్న అంశాలపై ఆ వెంటనే చర్చలు మొదలయ్యాయి.

ఈ ఆట గురించి ఎన్నడూ వినని పాఠకుడికి ఇది వింతగానే ఉంటుంది. అమెరికాలో పెద్దగా పేరు రాని, జర్మనీ, పోలండ్ వంటి దేశాల్లో మాత్రం ఒక తరం మొత్తాన్ని పెంచిన ఆట ఇది. దాని రీమేక్ మాట వినిపించి ఐదేళ్లు దాటినా ఆసక్తి తగ్గకపోవడానికి కారణాలు ఆట లోపలా ఉన్నాయి, బయటా ఉన్నాయి.

లోయలో ఏముంది

గోథిక్‌ను తయారుచేసింది పిరాన్యా బైట్స్ అనే చిన్న జర్మన్ స్టూడియో. ఓర్క్‌లనే రాక్షస జాతితో యుద్ధంలో ఉన్న రాజుకు ఆయుధాల కోసం మాయా ఖనిజం కావాలి. గనుల్లో పనికి ఖైదీలను పంపుతాడు. వారు పారిపోకుండా 12 మంది మాంత్రికులు లోయ చుట్టూ ఒక మాయా కంచె వేస్తారు. అది అదుపు తప్పి, వేసినవారిని కూడా లోపలే బంధిస్తుంది. ఆ గందరగోళంలో ఖైదీలు తిరగబడి గనులను చేజిక్కించుకుంటారు. అప్పటినుంచి రాజు వారితో బేరానికి దిగక తప్పదు. లోపలినుంచి ఖనిజం, బయటినుంచి సరుకులు.

లోయలో ఖైదీలు మూడు శిబిరాలుగా చీలిపోయి ఉంటారు. పాత శిబిరం రాజుతో వ్యాపారం చేసి సుఖపడుతుంది. కొత్త శిబిరం ఖనిజాన్ని కుప్పపోసి, దాని శక్తితో కంచెను పేల్చి బయటపడాలనుకుంటుంది. చిత్తడి శిబిరంలోని భక్తులు తమ దైవం విముక్తి ఇస్తుందని నమ్ముతారు. ఆటగాడు ఈ లోయలోకి ఒట్టి చేతులతో విసిరేయబడిన కొత్త ఖైదీ. అతనికి పేరు కూడా లేదు.

అభిమానులు ఇన్నేళ్లు గుర్తుపెట్టుకున్నది మాత్రం ఈ కథను కాదు, లోయలోని సమాజాన్ని. పాత శిబిరంలో అడుగుపెట్టిన కొత్త ఖైదీ దగ్గరకు ఒక కాపలాదారు వచ్చి, రక్షణ సొమ్ము కింద 10 ఖనిజపు ముక్కలు అడుగుతాడు. ఇవ్వనంటే ఆ మాట గుర్తుపెట్టుకుంటాడు. ఒకరి గుడిసెలోకి అడగకుండా వెళితే ఇంటివాడు గద్దిస్తాడు. జనం మధ్యలో కత్తి దూస్తే చుట్టూ ఉన్నవారు హెచ్చరిస్తారు. కొట్లాటలో ఓడిపోతే చాలాసార్లు ప్రాణం పోదు. గెలిచినవాడు కిందపడినవాడి ఖనిజాన్నీ ఆయుధాన్నీ తీసుకుని తన దారిన పోతాడు. శిబిరంలో మనుషులు పగలు పని చేస్తారు, సాయంత్రం మంట చుట్టూ చేరతారు, రాత్రి పడుకుంటారు. 2001లో ఇంత దగ్గరగా అల్లిన దినచర్య ఉన్న త్రీడీ ఆటలు అరుదు.

మరో సూక్ష్మమైన ఏర్పాటు ఉంది. ఈ ఆటలో బలం అంకెల్లో మాత్రమే పెరగదు. కథానాయకుడు మొదట ఒంటిచేతి కత్తిని కూడా రెండు చేతులతో తడబడుతూ పట్టుకుంటాడు. గురువు దగ్గర నేర్చుకున్నాక పట్టు మారుతుంది, అడుగు మారుతుంది, దెబ్బకూ దెబ్బకూ మధ్య వ్యవధి తగ్గుతుంది. ఆటగాడి ఎదుగుదల కళ్ల ముందే, శరీర కదలికలో కనిపిస్తుంది. పైగా లోయలోని మృగాలు ఆటగాడి స్థాయిని బట్టి మారవు. మొదటి రోజు ఆటగాడిని చంపేసిన మృగం ఇరవై గంటల తర్వాత కూడా అదే చోట, అదే బలంతో ఉంటుంది. మారింది ఆటగాడే. తనను తరిమిన చోటికి తిరిగి వెళ్లి నిలబడగలగడంలో ఉన్న తృప్తే ఈ ఆటకు మూలస్తంభం. రీమేక్ గురించి వచ్చే దాదాపు ప్రతి వాదనా చివరికి ఈ స్తంభం దగ్గరకే చేరుతుంది.

చేతులు మారిన హక్కులు

2002లో గోథిక్ 2, 2003లో దాని అనుబంధ భాగం వచ్చాయి. 2006లో గోథిక్ 3 లోపాలతో నిండి, అసంపూర్తిగా విడుదలైంది. ఆ మరుసటి ఏడాది పిరాన్యా బైట్స్, ఆస్ట్రియాకు చెందిన పబ్లిషర్ జోవుడ్ విడిపోయాయి. సృష్టించినవారు బయటకు వెళ్లారు, పేరు మాత్రం పబ్లిషర్ దగ్గర మిగిలింది. 2008లో గోథిక్ 3కి వచ్చిన ‘ఫర్‌సేకెన్ గాడ్స్’ అనుబంధాన్ని ముంబైకి చెందిన ట్రైన్ గేమ్స్ తయారుచేసింది. యూరప్‌లో పుట్టిన ఈ కథలో భారతీయ స్టూడియో ఒకటి చేయి వేసిందన్న సంగతి ఇక్కడి ఆటగాళ్లలో చాలామందికి తెలియదు. అభిమానులకు అది నచ్చలేదు. 2010లో మరో స్టూడియో చేతిలో తయారైన నాలుగో భాగం ‘ఆర్కానియా’ శిబిరాలనూ దినచర్యలనూ చాలావరకు వదిలేసి, దారి పొడవునా సాగే సాధారణ సాహసంగా మిగిలింది. 2011లో జోవుడ్ దివాలా తీయడంతో ఆ ఆస్తులు నార్డిక్ గేమ్స్‌కు చేరాయి. ఆ సంస్థే తర్వాత టీహెచ్‌క్యూ నార్డిక్ అయింది.

ఈలోగా పిరాన్యా బైట్స్ ‘రైజెన్’ పేరుతో మూడు ఆటలు, ‘ఎలెక్స్’ పేరుతో రెండు ఆటలు చేసింది. వాటిలో గోథిక్ ఛాయలు ఉన్నా గోథిక్ పేరు లేదు. గోథిక్ పేరుతో వచ్చినదాంట్లో గోథిక్ లేదు. పేరు ఒకచోట, ప్రాణం మరొకచోట ఉన్న ఈ పరిస్థితి పన్నెండేళ్ల పాటు కొనసాగింది. 2019 మేలో టీహెచ్‌క్యూ నార్డిక్ పిరాన్యా బైట్స్‌ను కొనుగోలు చేసినప్పుడు, విడిపోయిన రెండూ ఒకే గూటికి చేరాయని అభిమానులు ఆశపడటానికి ఇదే నేపథ్యం.

అడిగి చూసిన పబ్లిషర్

2019 డిసెంబరులో జరిగింది పరిశ్రమలో చాలా అరుదు. టీహెచ్‌క్యూ నార్డిక్ బార్సిలోనా బృందం, గోథిక్ రీమేక్ ఎలా ఉండవచ్చో చూపే ఆడదగిన టీజర్‌ను ముందస్తు ప్రకటన లేకుండా విడుదల చేసింది. పాత గోథిక్‌నో పిరాన్యా బైట్స్ చేసిన మరో ఆటనో స్టీమ్‌లో కొన్నవారికి దాన్ని ఉచితంగా ఇచ్చి, కొన్ని ప్రశ్నలు అడిగింది. రీమేక్ కావాలా, అక్కర్లేదా అన్నది వాటిలో ముఖ్యమైనది. 2020 ఫిబ్రవరిలో ఫలితం ప్రకటించారు. 1,80,000కు పైగా ఆటగాళ్లు టీజర్ ఆడారు, సర్వేకు జవాబిచ్చినవారిలో సుమారు 95 శాతం మంది రీమేక్ కావాలన్నారు.

ఈ 95 శాతాన్ని జాగ్రత్తగా చదవాలి. అడిగినదే ఇప్పటికే ఆ ఆటలు కొన్నవారిని, జవాబు చెప్పిందే వారిలో ఓపిక చేసుకుని సర్వే నింపినవారు. కాబట్టి మార్కెట్ ఎంత పెద్దదో ఆ అంకె చెప్పదు. ఉన్న అభిమానం ఎంత గాఢమైనదో మాత్రమే చెబుతుంది. ఆ అంకెకన్నా విలువైనవి దానితోపాటు వచ్చిన విమర్శలు. టీజర్‌లో కథానాయకుడు అతిగా మాట్లాడుతున్నాడనీ, రంగులు మరీ మెరుస్తున్నాయనీ, ఇది ఖైదీల లోయలా కాక ఏ ఫాంటసీ ఆటలోనైనా కనిపించే ఊరిలా ఉందనీ ఆటగాళ్లు రాశారు. పోరాట పద్ధతి కూడా చాలామందికి పరాయిగా తోచింది.

పబ్లిషర్ అప్పుడు తీసుకున్న నిర్ణయం ఎదురుచూపు స్వభావాన్నే మార్చింది. టీజర్‌ను పక్కనపెట్టి, మూలానికి వీలైనంత దగ్గరగా ఆటను మొదటినుంచీ కట్టాలని ప్రకటించి, బార్సిలోనాలోనే ఆల్కిమియా ఇంటరాక్టివ్ అనే కొత్త స్టూడియోను ఏర్పాటు చేసింది. తర్వాత మూల గేమ్‌కు సంగీతం అందించిన కై రోజెన్‌క్రాంజ్‌ను కూడా తీసుకొచ్చింది. ఒకసారి తమ మాట విన్నారని తెలిశాక అభిమానులకు ఎదురుచూడటం సులువైంది. అదే సమయంలో వారి అధికారం కూడా పెరిగింది. ప్రతి కొత్త దృశ్యాన్నీ ఇప్పుడు వారు ప్రేక్షకులుగా కాక పరీక్షకులుగా చూస్తున్నారు. మొత్తంమీద ఇది ఆటకు మేలే చేసిందనాలి. టీజర్ దారిలోనే వెళ్లి ఉంటే రెండో ఆర్కానియా తయారయ్యే ప్రమాదం నిజంగానే ఉండేది.

రీమాస్టర్ వేరు, రీమేక్ వేరు

ఈ రెండు మాటలూ వార్తల్లో తరచూ కలిసిపోతుంటాయి. పాత సినిమాకు రంగులద్దడం ఒకటి, అదే కథను కొత్త నటులతో మళ్లీ తీయడం మరొకటి. ఆటల్లో రీమాస్టర్ అంటే పాత కోడ్, పాత తర్కం చాలావరకు అలాగే ఉండి, బొమ్మ, శబ్దం మెరుగుపడటం. రీమేక్ అంటే పాత ఆటను నమూనాగా మాత్రమే పెట్టుకుని అన్నింటినీ కొత్తగా రాయడం.

2025 ఏప్రిల్ 22న విడుదలైన ‘ఓబ్లివియన్ రీమాస్టర్డ్’ ఈ తేడాను బాగా చూపిస్తుంది. 2006 నాటి బెథెస్డా ఆటలోని ఇంజిన్ (ఆటను నడిపే మూల సాఫ్ట్‌వేర్) తర్కాన్ని అడుగున అలాగే ఉంచి, పైన దృశ్యాలను అన్‌రియల్ ఇంజిన్ 5 అనే కొత్త ఇంజిన్‌తో చూపించే పద్ధతిలో వర్చుయోస్ అనే సంస్థ దాన్ని తయారుచేసింది. స్థాయి పెరిగే విధానం వంటి కొన్నింటిని మార్చారు. కానీ పాత్రలు విచిత్రంగా ముఖం పెట్టి మాట్లాడటం, వస్తువులు ఎగిరిపడటం వంటి పాత వింతలు మిగిలే ఉన్నాయి. ఒక పాత్రకు గొంతు ఇచ్చిన నటి మాట తడబడి, మళ్లీ చెబుతానంటూ ఆగిన రికార్డింగ్ 2006లో పొరపాటున ఆటలోకి వెళ్లిపోయింది. దాన్ని కూడా తీసేయలేదు. అభిమానులకు ఆ తప్పు కూడా ఆస్తే అని తయారీదారులు గుర్తించారు.

గోథిక్‌కు ఆ వెసులుబాటు లేదు. అన్‌రియల్ ఇంజిన్ 5లో మొదటినుంచీ కడుతున్నప్పుడు పాత తప్పులు వాటంతట అవి రావు, పాత మంచి కూడా వాటంతట అదే రాదు. కాపలాదారు ఎంత దూరంలో ఉంటే తల తిప్పి చూస్తాడు, గుడిసెలోకి వచ్చినవాడిని ఎన్ని క్షణాలు సహిస్తాడు అన్నవి కూడా ఎవరో ఒకరు మళ్లీ నిర్ణయించాలి. రీమేక్‌కు పట్టే ఏళ్లలో గణనీయమైన భాగం ఇలాంటి కనిపించని నిర్ణయాలకే పోతుంది. 2025లో వస్తుందన్న అంచనా 2026కు జరగడాన్ని ఈ వెలుగులోనే చూడాలి.

ముందే చెప్పడం, చెప్పకుండా తేవడం

ఎదురుచూపు ఎలా పెరుగుతుంది, ఎప్పుడు వికటిస్తుంది అన్నది ప్రకటన సమయం మీద చాలావరకు ఆధారపడుతుంది. ఓబ్లివియన్ రీమాస్టర్‌ను ప్రకటించిన రోజే విడుదల చేశారు. అమెరికా కోర్టు కేసులో 2023లో బయటపడిన పత్రాల వల్ల అలాంటిదొకటి ఉందని అభిమానులకు ముందే తెలిసినా, అధికారికంగా ఎవరూ ఏ వాగ్దానమూ చేయలేదు కాబట్టి భంగపడటానికీ ఏమీ లేదు. మొదటి కొద్ది రోజుల్లోనే 40 లక్షల మందికి పైగా ఆడారు.

దీనికి పూర్తి వ్యతిరేకం ‘స్టార్ వార్స్: నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్’ రీమేక్. 2003లో బయోవేర్ చేసిన ఆ ఆట రీమేక్‌ను 2021 సెప్టెంబరులో ఒక చిన్న ట్రైలర్‌తో ప్రకటించారు. ఆడే తీరు అందులో ఒక్క క్షణం కూడా లేదు. 2022లో పని ఆస్పైర్ అనే స్టూడియో చేతినుంచి సేబర్ ఇంటరాక్టివ్ స్టూడియోలకు మారింది. 2023లో ఆ ట్రైలర్‌ను సోనీ తన ఛానెళ్లలోంచి తొలగించింది. పాటల లైసెన్సు గడువే కారణమని చెప్పినా, అప్పటికే అనుమానంలో ఉన్నవారు దాన్ని మరణవార్తగానే తీసుకున్నారు. 2024లో సేబర్ అధిపతి పని సాగుతోందని చెప్పారు. ఆట కనిపించని చోట ప్రతి చిన్న కదలికా సంకేతమైపోతుంది. మౌనం పెరిగినకొద్దీ దాన్ని పుకార్లే నింపుతాయి.

మరి తయారీదారులు ఇంత ముందుగా ఎందుకు ప్రకటిస్తారు? కొత్త బృందానికి నిపుణులను చేర్చుకోవాలంటే ఏం చేస్తున్నారో చెప్పాలి. పెట్టుబడిదారులకు రాబోయే ఆటల పట్టిక చూపాలి. కన్సోల్ తయారీదారుతో ఒప్పందం ఉంటే వారి వేదిక మీద ఏదో ఒకటి చూపించాలి. వీటిలో ఏ ఒక్కటీ ఆటగాడి అవసరం కాదు, కానీ ఎదురుచూపు భారం మోసేది ఆటగాడే.

మూడో మార్గం ముందే డబ్బు సేకరించడం. ఆర్‌పీజీలకు దగ్గరి బంధువైన 1994 నాటి ‘సిస్టమ్ షాక్’ను మళ్లీ తయారుచేయడానికి నైట్‌డైవ్ స్టూడియోస్ 2016లో కిక్‌స్టార్టర్ అనే వెబ్‌సైట్‌లో జనం నుంచి 13 లక్షల డాలర్లకు పైగా సేకరించింది. బడ్జెట్ ఆశలతోపాటు ఆట పరిధి కూడా పెరుగుతూ పోయి, మూలం నుంచి దూరం జరిగామని గ్రహించి 2018 ఫిబ్రవరిలో పనిని కొంతకాలం ఆపేశారు. తిరిగి మూలానికి దగ్గరగా మొదలుపెట్టి 2023 మేలో విడుదల చేశారు. దారి తప్పామని బహిరంగంగా ఒప్పుకున్న తర్వాతే ఆ ఆట సరైన దారిలో పడింది. గోథిక్ 2019లో టీజర్‌తో చేసిన తప్పు, దిద్దుబాటు ఇదే కోవలోవి. అవి తక్కువ ఖర్చుతో, ఇంకా తొలిదశలోనే జరిగిపోయాయి.

ఏ మొరటుతనాన్ని ఉంచాలి

2001 గోథిక్‌ను ఇవాళ మొదటిసారి తెరిచినవాడు చాలావరకు మొదటి అరగంటలోనే ఇబ్బంది పడతాడు. కింద ఉన్న వస్తువును తీయాలన్నా, పెట్టె తెరవాలన్నా, కత్తి విసరాలన్నా ఒక మీటను నొక్కిపట్టి బాణం గుర్తుల మీటను కదపాలి. పాత ఆటగాళ్లకు అది వేళ్లలో ఇంకిపోయింది. కొత్తవారికి అది గోడ. ఈ ఇబ్బంది ఆనాటి పరిమితుల వల్ల వచ్చింది, తీసేస్తే ఆట ఆత్మకు ఏ నష్టమూ లేదు.

మ్యాప్ లేకుండా లోయలోకి పంపి, కావాలంటే శిబిరంలో గీసి అమ్మేవాడి దగ్గర కొనుక్కొమ్మనడం వేరు. వెళ్లాల్సిన చోటును బాణంతో చూపించకుండా, ‘వంతెన దాటాక ఎడమకు తిరుగు’ అన్నట్టు మాటల్లోనే చెప్పడం వేరు. ఇవి ఆటగాడిని చుట్టూ చూసేలా, ఎదుటివాడి మాట వినేలా చేస్తాయి. వీటిని సౌకర్యం పేరుతో తొలగిస్తే లోయ మిగులుతుంది, ఖైదీ మిగలడు.

కష్టమైనది ఈ రెండింటి మధ్య ఉన్న ప్రాంతం. పోరాటం అందులో ముఖ్యమైనది. మొదట్లో కథానాయకుడి కదలిక బరువుగా, ఆలస్యంగా ఉండటానికి సగం కారణం అతనికి కత్తి పట్టడం రాకపోవడం, మిగతా సగం 2001 నాటి మీటల అమరిక. ఏ సగం ఎక్కడ ముగుస్తుందో ఆడిన చేతులకు కూడా కచ్చితంగా తెలియదు. కొత్త పద్ధతి మరీ సాఫీగా ఉంటే నేర్చుకోవడానికి ఏమీ మిగలదు, మరీ మొరటుగా ఉంటే కొత్తవారు రారు. డెమో తర్వాత ఎక్కువ వాదనలు దీని చుట్టూనే నడవడం సహజం. మొదటి రోజు తడబాటుకూ చివరి రోజు నేర్పుకూ మధ్య దూరం ఎంతన్నదే రీమేక్‌కు సరైన కొలత. తడబాటు ఏ మీటల మీద జరుగుతుందన్నది రెండో విషయం.

విడుదల ప్రభావం ఎవరి మీద

2023లో రెండు వందల కోట్ల డాలర్ల విలువైన భాగస్వామ్య ఒప్పందం చేజారాక, టీహెచ్‌క్యూ నార్డిక్ మాతృసంస్థ ఎంబ్రేసర్ గ్రూప్ పలు స్టూడియోలను మూసివేసింది, కొన్నింటిని అమ్మింది. 2024లో పిరాన్యా బైట్స్ కూడా ఆ కోతకు బలైంది. దాంతో రీమేక్ మోస్తున్న బరువు ఒక్కసారిగా పెరిగింది. అప్పటివరకు అది పాత ఆటకు కొత్త రూపం మాత్రమే. మూల స్టూడియో లేకుండా పోయాక, ఆ తరహా ఆటలకు ఉన్న పెద్ద ఆశ అదే అయింది. చిన్న ప్రపంచం, దట్టంగా అల్లిన మనుషులు, కనికరం లేని ఆరంభం అనే ఆ పద్ధతిలో ఈ స్థాయి ఖర్చుతో పనిచేసేవారు ఇప్పుడు చాలా తక్కువ. అమ్మకాలు బాగుంటే గోథిక్ 2 మీద దృష్టి పడుతుందని అభిమానులు ఆశిస్తున్నారు. చాలామంది సిరీస్‌లో అత్యుత్తమంగా భావించేది దాన్నే.

పాత ఆట కూడా ఖాళీగా కూర్చోలేదు. పోలండ్‌లో సీడీ ప్రాజెక్ట్ పంపిణీ చేసిన పోలిష్ డబ్బింగ్‌తో పెరిగిన తరం, గోథిక్ 2 ఇంజిన్ మీద ‘క్రానికల్స్ ఆఫ్ మిర్టానా: ఆర్కొలోస్’ అనే మాడ్‌ను (ఉన్న ఆట మీద అభిమానులు కట్టే కొత్త ఆటను) తయారుచేసి 2021 డిసెంబరులో ఉచితంగా విడుదల చేసింది. పూర్తి స్థాయి గేమ్ అంత పొడవున్న కథ, పోలిష్ నటుల గొంతులు, అన్నీ స్వచ్ఛందంగా చేసినవే. గోథిక్‌లో ఏం ఉంచాలో, ఏం మార్చవచ్చో అభిమానులు స్వయంగా చేసి చూపిన జవాబు అది. మూల ఆట ముడి తర్కాన్ని ఇరవై ఏళ్లుగా విప్పి చదివిన ఆ చేతులకు కొత్త ఇంజిన్‌లో ఏ మేరకు ప్రవేశం దొరుకుతుందన్నది, విడుదల తర్వాతి ఏడాదిలో రీమేక్ ఆయుష్షును ఎక్కువగా నిర్ణయించే అంశం.

విడుదల రోజున పాత ఆటగాళ్లు ముందుగా గమనించేది లోయ అందాన్ని కాదు. పాత శిబిరం ద్వారం దాటాక ఆ కాపలాదారు వచ్చి 10 ముక్కలు అడుగుతాడా, ఇవ్వనన్న మాటను రెండు రోజుల తర్వాత కూడా గుర్తుపెట్టుకుంటాడా అన్నది చూస్తారు.